మామగారి ఫ్లూ ఇంజెక్షన్ ఎందుకు నిలవలేదు?

పెరంబూర్ నుంచి ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. వయసు 39, సొంతూరు సూళ్ళూరుపేట వైపు, పెళ్ళయినప్పట్నుంచీ చెన్నైలోనే ఉంటున్నారు. ఇంట్లో భర్త, ఏడో క్లాసు చదివే బాబు, అత్తామామలు. మామగారికి 72, షుగర్ ఉంది, నాలుగేళ్ళ కింద స్టెంట్ వేశారు. అత్తగారికి కీళ్ళవాతం, వారానికోసారి మెథోట్రెక్సేట్ బిళ్ళ వేసుకుంటారు. పోయినేడాది మార్చిలో అపార్ట్‌మెంట్‌లో క్యాంపు పెడితే ఈవిడే పట్టుబట్టి పెద్దవాళ్ళిద్దరికీ ఫ్లూ వ్యాక్సిన్ వేయించారు. నవంబర్‌లో వానలు పట్టుకున్నాక మామగారికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు డోలో ఇస్తూ చూశారు, ఐదో రోజు ఆయాసం మొదలైంది, ఆస్పత్రిలో టెస్టు చేస్తే ఇన్‌ఫ్లూయెంజా ఏ, అందులో హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ అని తేలింది. ఆరు రోజులున్నారు, అందులో రెండు రోజులు ఆక్సిజన్ మీద.

అప్పట్నుంచీ హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వు వేయించిన సూదే నాన్నని మంచాన పడేసింది" అంటోందట. భర్త ఈవిడ తరఫున మాట్లాడడు, ఆవిడ తరఫునా మాట్లాడడు, "ఈ ఏడు అసలొద్దులే" అని తేల్చేశాడు. ఈలోగా మరిది ఒక వార్త పంపించాడు, వ్యాక్సిన్ వేసిన వారంలోనే రక్తం చూసి అది ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్పేయొచ్చని సైంటిస్టులు కనిపెట్టారని, ఆ గుట్టంతా ప్లేట్‌లెట్లలోనే ఉందని. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళే ల్యాబ్ అబ్బాయిని అడిగితే "ఇమ్యూనిటీ ప్యాకేజీ ఉంది మేడమ్, ఆరువేల చిల్లర" అన్నాడు. మామగారి పాత రిపోర్ట్ తీసి చూస్తే ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. అవి తక్కువయ్యే వ్యాక్సిన్ నిలవలేదని ఇంట్లో అనుకుని అత్తగారు రోజూ పొద్దున్నే బొప్పాయి ఆకు రసం తీసి ఇస్తున్నారు, మరిదేమో "రక్తం పల్చబడే ఎకోస్ప్రిన్ కొన్నాళ్ళు ఆపితే ప్లేట్‌లెట్లు బాగుంటాయేమో" అన్నాడు. ఇదీ సంగతి. "టెస్టు చేయించాలా, ఇంజెక్షన్ వేయించాలా, లేక అందరూ అన్నట్టు నోర్మూసుకుని ఊరుకోవాలా" అని అడిగారు.

అమ్మా, మిగతా అంతా తర్వాత, ముందు ఎకోస్ప్రిన్ ఆపొద్దు. ఈ పాటికే ఆపేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు గుండె డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. స్టెంట్ ఉన్న మనిషికి ఆ చిన్న బిళ్ళ స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపలా కాస్తుంది. అది ప్లేట్‌లెట్ల లెక్క తగ్గించేది కాదు, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా చూసేది. వ్యాక్సిన్‌కీ దానికీ గొడవ లేదు, సూది వేసిన చోట రెండు నిమిషాలు దూదితో గట్టిగా నొక్కిపెడితే చాలు.

1.6 లక్షలు నార్మలే, మామూలు లెక్క లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటుంది. మన ఊళ్ళో డెంగీ సీజన్లు చూసీ చూసీ ప్లేట్‌లెట్లు అన్న మాట వినపడితేనే గుండె గుభేల్మంటుంది, అది నాకు తెలుసు, నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది రిపోర్టులో ముందు ఆ లైనే వేలితో వెతుక్కుంటారు. కానీ ఆ వార్తలో చెప్పింది లెక్క గురించి కాదు. ఎన్ని ఉన్నాయని కాదు, వాటి లోపల ఏం రాసి ఉందని చూశారు. బొప్పాయి రసంతో అది మారదు. షుగర్ బిళ్ళలు వేసుకునే మనిషికి పరగడుపున ఆ చేదు తాగించడం ఇక ఆపెయ్యొచ్చు, అత్తగారు నొచ్చుకోకుండా మీరే చెప్పండి.

ఇక ఆ వార్త. మీ మరిది పంపింది అబద్ధం కాదు, చాలా మంచి పని అది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. స్టాన్‌ఫర్డ్‌లో బాలీ పులేంద్రన్ అనే ఇమ్యునాలజిస్ట్ (రోగనిరోధక శక్తి మీద పరిశోధన చేసే ఆయన) బృందం చేసింది, 2025 జనవరిలో నేచర్ ఇమ్యునాలజీ అనే పత్రికలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 50 మందికి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వ్యాక్సిన్ రెండేసి డోసులు ఇచ్చి, మొదటి వంద రోజుల్లో ఒక్కొక్కరి దగ్గరా పన్నెండుసార్లు రక్తం తీసి, ఎవరిలో యాంటీబాడీలు ఎంత కాలం నిలబడ్డాయో చూశారు. తర్వాత వెనక్కెళ్ళి తొలి రోజుల రక్తంలో దానికి ఏదైనా గుర్తు ఉందా అని వెతికారు. దొరికింది. ప్లేట్‌లెట్లలో ఉండే చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో, అంటే కణం ఏ పని మీద ఉందో రాసి ఉన్న చీటీల్లాంటి వాటిల్లో, వారం తిరిగేసరికే.

ఇది ఎందుకంత పెద్ద విషయమంటే, యాంటీబాడీ ఎంత ఎత్తుకి లేస్తుందనేది ఒక ప్రశ్న, ఎన్నాళ్ళు దిగకుండా ఉంటుందనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ఎప్పుడో మొదలైంది, 2011లోనే మామూలు ఫ్లూ వ్యాక్సిన్ వేసిన మూడో రోజు, ఏడో రోజు ఏ జీన్లు పనిచేస్తున్నాయో చూసి నెల తర్వాత యాంటీబాడీ ఎంత పెరుగుతుందో ముందే అంచనా వెయ్యొచ్చని చూపించారు. రెండోదే చిక్కు. ఇద్దరికి నెలరోజులకి ఒకే నంబర్ వస్తుంది, ఏడాది తిరిగేసరికి ఒకరికి ఉంటుంది, ఇంకొకరికి ఉండదు.

అసలు ఏం జరుగుతుందంటే, సూది వేసిన ఏడో రోజుకి యాంటీబాడీలు తయారుచేసే కణాలు రక్తంలోకి గుంపులు గుంపులుగా వస్తాయి, పొద్దున్నే సెంట్రల్ స్టేషన్‌లో దిగే జనంలాగ. దిగినవాళ్ళందరూ ఈ ఊళ్ళో ఉండిపోరు గదా, ఇల్లు దొరికినవాళ్ళే ఉంటారు, మిగతావాళ్ళు వచ్చిన దారినే పోతారు. ఈ కణాలకి ఇల్లంటే ఎముక మజ్జ. అక్కడ మెగాకారియోసైట్లు అని భారీ సైజు కణాలుంటాయి, ప్లేట్‌లెట్లు పుట్టేది వాటినుంచే. అవే ఈ కొత్తగా వచ్చినవాటికి బతకడానికి కావలసిన ప్రోటీన్లు అందిస్తాయి, మంచి ఇంటి ఓనరమ్మ కొత్తగా దిగిన కుర్రాళ్ళకి నీళ్ళూ నిప్పూ చూసినట్టు. ఆ ఓనరమ్మ ఎంత చురుగ్గా ఉందో ఎముకలో సూది గుచ్చకుండానే తెలుసుకోవచ్చు, ఎందుకంటే ప్లేట్‌లెట్లు ఆమె నుంచి తెగి వచ్చిన ముక్కలే, వాటిల్లో ఆమె ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. ఎలుకలకి ఆ మెగాకారియోసైట్లని పెంచే మందు కూడా కలిపి ఇచ్చి చూస్తే రెండు నెలల్లో యాంటీబాడీలు ఆరు రెట్లు ఎక్కువ వచ్చాయి. తర్వాత ఫ్లూ, ఎల్లో ఫీవర్, మలేరియా, కోవిడ్ ఇలా ఏడు రకాల వ్యాక్సిన్లు వేసుకున్న 244 మంది డేటాలో కూడా ఇదే గుర్తు నిలకడని ముందే చెప్పగలిగింది. ఈ ఎలుకల సంగతి మీ మరిది చదివితే ఆ మందు మనక్కూడా దొరుకుతుందా అంటాడేమో, ప్లేట్‌లెట్లు పెంచే మందులు గుండెజబ్బు మనిషికి రక్తం గడ్డకట్టే ముప్పు తెస్తాయి, ఆ ఆలోచనే వద్దు.

ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. మొదటిది, ల్యాబ్ అబ్బాయి చెప్పిన ప్యాకేజీలో ఇది లేదు. మామూలుగా అలాంటి ప్యాకేజీల్లో ఉండేది సీబీసీ (రక్తకణాల లెక్క), విటమిన్ డి, మొత్తం ఇమ్యునోగ్లోబ్యులిన్లు (ఒంట్లో ఉన్న అన్ని రకాల యాంటీబాడీల మొత్తం), అలాంటివి. ఫ్లూ మీద రక్షణ ఎంత, ఎన్నాళ్ళు అని వాటిలో ఏదీ చెప్పదు. పైగా ఆ గుర్తు కనపడేది వ్యాక్సిన్ వేసిన వారానికి, మామగారు వేయించుకుని ఏడాది దాటింది. అయినా చేయిస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. అంతా నార్మల్ అని వస్తే "చూశావా, ఇంజెక్షన్ అక్కర్లేదు" అంటారు, ఏదో ఒకటి కాస్త తక్కువ వస్తే "చూశావా, వేసినా లాభం లేదు" అంటారు. ఎటు చూసినా ఆరువేలు పోయి గొడవ మిగులుతుంది. మీ మనసు ఊరుకోక చేయిస్తానంటే ప్రమాదమేమీ లేదు, కానీ ఆ కాగితం చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. అదే డబ్బు ఇంట్లో వాళ్ళ సూదులకే పెట్టుకోవచ్చనేది నా మాట.

రెండోది, మామగారి ఒంట్లో లోపం వల్లే నిలవలేదనే అనుమానం. మీ ఉత్తరమంతటికీ కింద నడుస్తున్న భయం ఇదేనని నాకనిపించింది. కాదమ్మా. అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ వాళ్ళు 2020లో ఒక స్టడీ వేశారు, కుర్ర వయసు, నడి వయసు ఆరోగ్యవంతులు 53 మంది, ఫ్లూ వ్యాక్సిన్ వేసి ఏకంగా ఎముక మజ్జే తీసి చూశారు. నెలరోజులకి మజ్జలో కొత్త కణాలు కనపడ్డాయి, ఏడాది తిరిగేసరికి చాలావరకు ఖాళీ. కుర్రవాళ్ళకే అంత. ఎల్లో ఫీవర్ వ్యాక్సిన్ ఒక్క డోసుతో జీవితమంతా సరిపోతుంది, మనం వేయించుకునే మామూలు ఫ్లూ సూదికి అంత శక్తి లేదు. దానికి తోడు వైరస్ కూడా ఏటా వేషం మార్చుకుంటుంది, అందుకే డబ్ల్యూహెచ్ఓ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి సెప్టెంబర్‌లో ఒకసారి, వ్యాక్సిన్‌లో ఏ స్ట్రెయిన్లు, అంటే ఏ వైరస్ రకాలు, పెట్టాలో మళ్ళీ చెప్తుంది. రేపు ఆ ఏడో రోజు టెస్టు నిజంగానే మార్కెట్లోకి వచ్చినా, అందులో మామగారికి ఫస్ట్ క్లాస్ వచ్చినా, ఫ్లూ సూది మాత్రం ఏటా వేయించుకోవాల్సిందే. ఆ టెస్టుతో ముందు లాభపడేది వ్యాక్సిన్ తయారుచేసేవాళ్ళు, ఏ ఫార్ములా నిలుస్తుందో ఏడాది ఆగకుండా వారంలో తెలుసుకోవచ్చు కాబట్టి.

మరి నవంబర్‌లో జరిగిందేంటి? మీ ఉత్తరంలోనే జవాబుంది, మీరు తారీఖులు రాశారు గానీ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. సూది మార్చిలో, జబ్బు నవంబర్‌లో. మధ్యలో ఎనిమిది నెలలు. అమెరికాలో కట్టిన లెక్కల ప్రకారం హెచ్3ఎన్2 మీద ఈ రక్షణ నెలకి దాదాపు 7 శాతం చొప్పున దిగుతుంది. వ్యాక్సిన్‌లో పెట్టిన స్ట్రెయిన్లు బయట తిరిగే వైరస్‌తో బాగా సరిపోయిన ఏడాది కూడా మొదట్లో ఉండేది 40 నుంచి 60 శాతమే, పెద్ద వయసులో, అందులోనూ హెచ్3ఎన్2 మీద, ఇంకా తక్కువ. అంటే అసలు వానాకాలం వచ్చేసరికి ఆయన దగ్గర మిగిలింది చాలా కొంచెం.

పైగా ఢిల్లీ లెక్క వేరు, మన లెక్క వేరు. 2009 నుంచి 2013 దాకా దేశంలో చాలా ఊళ్ళ శాంపిల్స్ చూసి 2015లో ఒక స్టడీ వచ్చింది. ఢిల్లీ, లక్నో, పూణేల్లో ఫ్లూ జూలై నుంచి సెప్టెంబర్ మధ్య ఎక్కువ. శ్రీనగర్‌లో చలికాలం, జనవరి నుంచి మార్చి. చెన్నై, వేలూరుల్లో మాత్రం ఈశాన్య రుతుపవనాలతో పాటే, అక్టోబర్ నుంచి డిసెంబర్. మీ అపార్ట్‌మెంట్‌లో మార్చిలో క్యాంపు పెట్టినవాళ్ళు చెడు చెయ్యాలని పెట్టలేదు, కానీ ఈ ఊరికి ఆ నెల సరైంది కాదు. ఇక్కడ పెద్దవాళ్ళకి సెప్టెంబర్‌లో వేయించడం మేలు, రెండు వారాల్లో యాంటీబాడీలు లేస్తాయి, వాన మొదలయ్యేసరికి పైన ఉంటాయి. వేయించేముందు డబ్బా మీద ఏ సీజన్ స్ట్రెయిన్ అని రాసుందో అడగండి, కొత్తదే కావాలనండి. మొహమాటపడకండి.

"సూదే మంచాన పడేసింది" అన్న మాటకొస్తే, ఆ సూదిలో ఉండేది చంపేసిన వైరస్ ముక్కలు, అది ఫ్లూ తెప్పించలేదు, ఎనిమిది నెలల తర్వాత అసలే తెప్పించలేదు. ఆ మాట మీరు ఇక మొయ్యక్కర్లేదు.

వద్దులే అన్న మీ ఆయన దారి కూడా చూద్దాం. ఏమీ వేయించకపోతే ఇంట్లో కొన్నాళ్ళు గొడవుండదు, అది నిజం. కానీ 2018లో కెనడా నుంచి వచ్చిన లెక్క ఒకటుంది, ఫ్లూ అని టెస్టులో తేలిన మొదటి వారం రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులకంటే ఆరు రెట్లు. స్టెంట్ ఉన్న మనిషికి ఫ్లూ అంటే దగ్గూ జ్వరంతో పోయేది కాదు. సగం కంటే తక్కువ పనిచేసే గొడుగైనా మన డిసెంబర్ వానలో పట్టుకునే వెళ్తాం గదా. మీ ఆయనకి ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, మిగతావన్నీ తర్వాత.

సెప్టెంబర్‌లో వేయిస్తే ఇంకా కొన్ని చూసుకోవాలి. అత్తగారి మెథోట్రెక్సేట్ గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. ఆ మందు వ్యాక్సిన్‌కి వచ్చే స్పందనని తగ్గిస్తుంది, సూది వేశాక రెండు వారాలు ఆ బిళ్ళ ఆపితే యాంటీబాడీలు బాగా వస్తాయని కొరియాలో ట్రయల్స్ చేశారు, 2022లో అమెరికా కీళ్ళ డాక్టర్ల సంఘం కూడా జబ్బు అదుపులో ఉంటే అలా చెయ్యొచ్చని రాసింది. అంటే రెండు వారపు బిళ్ళలు మానేయడం. అయితే నొప్పులు తిరగబెట్టే అవకాశం ఉంది, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతే ఫిల్టర్ డికాక్షన్ గిన్నె కూడా తిప్పలేరు పాపం, కాబట్టి ఇది మీ అంతట మీరు చెయ్యొద్దు, ఆవిడ కీళ్ళ డాక్టర్‌ని ఆగస్టు విజిట్‌లోనే అడగండి. వద్దంటే మామూలుగానే వేయించండి, కొంత తక్కువైనా వస్తుంది. బాబుకీ మీకూ మీ ఆయనకీ కూడా వేయిస్తే ఇంకా మంచిది, స్కూల్ నుంచి జ్వరం మోసుకొచ్చేది పిల్లలే, తాతయ్య పక్కనే పడుకునే పిల్లాడు మరీను. ఖర్చు ఎక్కువనిపిస్తే ముందు పెద్దవాళ్ళు, తర్వాత బాబు. నిమోనియా వ్యాక్సిన్ మామగారికి ఎప్పుడైనా వేశారా అని పాత ఫైల్ చూడండి, లేకపోతే అదీ అడగండి.

వేయించిన ముందూ వెనకా రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోనివ్వండి. కుర్రవాళ్ళని వరసగా కొన్ని రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి ఫ్లూ సూది వేస్తే, పది రోజులకి యాంటీబాడీలు సగం కూడా రాలేదని 2002లోనే చూశారు. ఇది పైసా ఖర్చు లేని పని.

ఇంకోటి, ఇది నా మనసులో గట్టిగా ఉన్న మాట. పోయినేడు ఆస్పత్రిదాకా వెళ్ళడంలో సూది పాత్ర కన్నా ఆ నాలుగు రోజుల డోలో పాత్ర ఎక్కువై ఉండొచ్చు. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు, అందరం అలాగే చేస్తాం. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందుంది, జ్వరం మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఈసారి అక్టోబర్-డిసెంబర్ మధ్య మామగారికి ఒళ్ళు వెచ్చబడితే మర్నాటికే డాక్టర్ దగ్గరుండాలి, టెస్టు చేయించాలి. సూది వేయించినా సరే, వేయించకపోయినా సరే. మీ ఆయన మాటే చివరికి నెగ్గినా, ఇది మాత్రం వదలొద్దు.

మీ వదినగారికి స్టడీలూ వార్తలూ ఫార్వర్డ్ చెయ్యకండి, ఉపయోగం లేదు. నాన్న ముక్కుకి ఆక్సిజన్ పైపుతో వీడియో కాల్‌లో కనపడితే, తను రాలేక అక్కడ కూర్చున్న కూతురికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి, మీరు దొరికారు. ఒకసారి మీరే ఫోన్ చేసి "వదినా, పోయినసారి మార్చిలో వేయించాం, మనూళ్ళో ఆ జబ్బు వచ్చేది వానల్లోనంట, ఈసారి సెప్టెంబర్‌లో వేయిద్దామనుకుంటున్నాం, ఆ వారం నువ్వొచ్చి నాన్న పక్కన ఉంటావా" అని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, ఇంకో రెండు మాటలు అననూవచ్చు. కానీ నాన్న విషయంలో తనని కూడా అడిగారన్నది ఆవిడకి మిగులుతుంది. రానంటే మీరు ఆగిపోనక్కర్లేదు.

చివరగా ఒకటి. మీ ఉత్తరంలో మీరేమన్నారో, వదిన ఏమందో, మరిది ఏం పంపాడో అన్నీ ఉన్నాయి. మామగారి మాట ఒక్కటే ఒక్క లైను ఉంది, అదీ ఏదో పక్కమాటలా రాశారు, "మళ్ళీ ఆ ఆస్పత్రి మంచం ఎక్కించొద్దమ్మా, ఇంకేం చేసినా సరే" అన్నారని. ఆయన సూది వద్దనలేదు చూశారా. ఆస్పత్రి వద్దన్నారు. సాయంత్రం ఆయన కాఫీ తాగే టైముకి పక్కన కూర్చుని, మార్చి సంగతీ నవంబర్ సంగతీ సెప్టెంబర్ సంగతీ నాకు చెప్పినట్టే ఆయనకి చెప్పి, మీరేమంటారు మామయ్యా అని అడగండి.